చిమ్మెటల దగ్గరికి రాయబారం

ఏటిగడ్డ అని ఒక రాజ్యం ఉండేది లెండి. దాన్ని ఉద్దండరాయలు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. పన్నుల కోసం ఎవర్నీ పీడించడు, ఆకలని వచ్చినవాణ్ణి పొమ్మనడు. ఆయనకున్న జబ్బల్లా గొప్ప ఒక్కటే. నోటివెంట మాట వచ్చిందంటే దాన్ని వెనక్కి తీసుకోవడం ఆయన ఇంటావంటా లేదు.

ఆ గొప్ప బట్టల దాకా పాకింది. యుద్ధం గెలిచిన రోజు తొడుక్కున్న అంగరఖాను విప్పి, విప్పినట్టే వస్త్రాగారంలో పెట్టించేవాడు. దాన్ని ఉతకకూడదు, ఎండలో వెయ్యకూడదు. ఉతికితే విజయం నీళ్ళలో కలిసిపోతుందట, ఎండేస్తే కీర్తి వెలిసిపోతుందట. ఆనాటి చెమటతోనూ, విందులో ఒలికిన నెయ్యి మరకలతోనూ సహా చీకటిపెట్టెల్లో దాచేవారు. తాతల నాటి నుంచీ అదే ఆచారం.

ఒకనాడు పొరుగురాజు చుట్టపుచూపుగా వచ్చాడు. రాయలు ఊరుకోలేక పెద్ద యుద్ధం నాటి అంగరఖా తెప్పించి నిండుసభలో విప్పించాడు. ఇంకేముంది, ఎక్కడ చూసినా చిల్లులే. చిల్లుల్లోంచి అవతల కూర్చున్నవాళ్ళ మొహాలు కనిపిస్తున్నాయి. మడతల్లోంచి నాలుగు చిమ్మెటలు లేచి సింహాసనం చుట్టూ తీరిగ్గా తిరిగాయి. సభలో ఒక్కరు నవ్వితే ఒట్టు.

"చిమ్మెటల మీద యుద్ధం ప్రకటిస్తున్నాం. ఒక్కటి మిగలకూడదు" అన్నాడు రాయలు, మొహం కందగడ్డలా చేసుకుని.

ఆస్థానవైద్యుడు విషహరభట్టు సందు చూసుకుని లేచాడు. "వస్త్రాగారంలో తెల్లపాషాణం పొగ వేయిస్తాను ప్రభూ. ఎగిరే చిమ్మెట ఒక్కటి బతికితే నా పేరు మార్చుకుంటాను."

"రేపే కానివ్వండి" అన్నాడు రాయలు.

బొప్పనకి గుండె గుభేలుమంది. బొప్పన ఆ కొలువులో చమత్కారి. రాజుగారిని నవ్వించి పొట్టపోసుకునేవాడు. ఆయన గుండె ఎందుకు జారిందంటే, వస్త్రాగారానికి ఆనుకునే రాజుగారి మనవరాలి ఉయ్యాలగది ఉంది. మధ్యలో ఉన్నదల్లా చెక్కజాలీ. పాషాణమంటే విషం, ఆ పొగకి జాలీ ఒక అడ్డా? ఆ పిల్లకి ఇంకా మెడ కూడా నిలబడలేదు.

సాయంత్రం మహారాణి కోనమాంబ కబురు పెట్టింది. "ఉయ్యాల ఇంకోచోటికి మారుద్దామన్నాను నాయనా. యుద్ధానికి జడిసి నా ఇంటివాళ్ళు పారిపోయారని లోకం అనుకోదా అన్నారు మహారాజుగారు. ఆయన సంగతి నీకు తెలుసుగా. నీకు తోచింది ఏదైనా చెయ్యి" అంది కళ్ళు ఒత్తుకుంటూ.

"మీరు నిశ్చింతగా ఉండండమ్మా" అని వచ్చేశాడు గానీ, బొప్పనకి ఆ పూట అన్నం సయించలేదు.

తెల్లారింది. భట్టు ధూపపాత్రలతో సహా సభకి వచ్చాడు. అప్పుడు బొప్పన లేచి చేతులు జోడించాడు.

"ఏలినవారు రాయబారం పంపకుండా ఏనాడూ కత్తి దుయ్యలేదు. చిమ్మెటలు చిన్నవని ఈ ఒక్కసారికీ ధర్మం తప్పితే పొరుగురాజుగారు ఏమనుకుంటారు?"

రాయలు పక్కనే ఉన్న పొరుగురాజు వంక ఓరగా చూశాడు. మీసం సవరించుకున్నాడు. "నిజమే. వెళ్ళిరా. త్వరగా రా."

బొప్పన వస్త్రాగారంలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కాసేపటికి తలపాగా నిండా బూజుతో తిరిగొచ్చాడు.

"ఏమన్నాయి?" అన్నాడు రాయలు.

"నొచ్చుకున్నాయి ప్రభూ. మేము శత్రువులమెలా అయ్యాం, రాజుగారు పెట్టిన తిండే తింటున్నాం అన్నాయి. చెమటా, నెయ్యీ పట్టిన బట్టంటే వాటి పిల్లలకి మహా ఇష్టమట. చీకటి ఉండాలట, ఎవరూ కదపకూడదట. ఉతకవద్దు, ఎండెయ్యవద్దు అని రాజాజ్ఞ ఇచ్చి మరీ మమ్మల్ని పోషిస్తున్న ప్రభువు ఇప్పుడు చంపుతాననడం న్యాయమా అని అడుగుతున్నాయి."

రాయలు మీసం మీంచి చెయ్యి దించాడు.

"ఇంకో మాట కూడా అన్నాయి. భట్టుగారు ఎగిరేవాళ్ళ మీదికి వస్తున్నారు. బట్టలు కొట్టేది మేము కాదు, మడతల్లో పాకే మా పిల్లలు. వాళ్ళు గోడ సందుల్లో దూరి పొగ తప్పించుకున్నా తప్పించుకుంటారు. పక్కగదిలో ఉయ్యాలలో ఉన్న పిల్ల ఏ సందులో దూరుతుంది, అన్నాయి."

బొప్పన భట్టు వైపు తిరిగాడు. "భట్టుగారూ, పొగ వేసేటప్పుడు తమరు లోపలే ఉంటారా?"

"అదెలా? వేసి వెంటనే బయటికి వచ్చెయ్యాలి. అది పాషాణం నాయనా" అనేశాడు భట్టు. అన్నాక నాలిక కరుచుకున్నాడు.

రాయలు మొహంలో రంగు మారింది. "అయితే ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమంటావా?"

"ఎందుకు ప్రభూ? తమరు అన్నది యుద్ధమని. పొగ అన్నది భట్టుగారు. మనం ముట్టడి వేద్దాం. శత్రువుకి తిండి ఆపేద్దాం, చీకటి లేకుండా చేద్దాం."

"ఉతికితే నా విజయం ఏమైపోవాలి?"

"నీళ్ళు విజయాన్ని తింటాయో లేదో నాకు తెలియదు ప్రభూ. పురుగు తినడం మాత్రం నిన్న సభంతా చూసింది."

రాయలు ముట్టడికి సెలవిచ్చాడు.

ఆ రోజు కోట మిద్దె చూడాల్సిందే. పెట్టెలన్నీ పైకి తెచ్చారు. శాలువాలను గట్టి ఎండలో, పట్టును నీరెండలో తిరగేసి పరిచి, కుట్లూ మడతలూ కుంచెతో దులిపారు. మరకలున్నవాటిని కుంకుడు రసంతో ఉతికి, చెమ్మ లేకుండా ఆరబెట్టారు. పెట్టెల అడుగునా, గోడ సందుల్లోనూ తుడిచిన చెత్తను కోట బయటికి తీసుకెళ్ళి తగలేశారు. మళ్ళీ మడతపెట్టేటప్పుడు మధ్య మధ్య నీడన ఎండిన వేపాకు, వసకొమ్ము మూటలు పెట్టారు. చివరికి రాయలే పంచె ఎగ్గట్టి ఒక రగ్గు దులిపి, అరడజను తుమ్ములు తుమ్మాడు. ఇక నెలనెలా పెట్టెలు విప్పి దులపాలని అక్కడే ఆజ్ఞ ఇచ్చాడు.

సాయంత్రం ఉయ్యాలగదిలో మనవరాలిని ఒళ్ళో వేసుకుని బొప్పనని పిలిపించాడు.

"ఒరేయ్ బొప్పనా, నిజం చెప్పు. పొద్దున ఎవరి పక్షాన రాయబారం నడిపావురా? నా పక్షమా, చిమ్మెటల పక్షమా?"

"తమ ఒళ్ళో ఉన్న అమ్మాయిగారి పక్షం ప్రభూ. వారికి ఇంకా మాటలు రావు కదా."

రాయలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కుదుపుకి పిల్ల కూడా బోసినోటితో నవ్వింది. రాయలు చేతి కడియం తీసి బొప్పనకి తొడిగాడు. "ఇది నా బహుమానం కాదురా. ఈ పిల్లదే. దీనికి మాటలు వచ్చేదాకా దీని తరఫున ఈ కోటలో నువ్వే మాట్లాడు. నాతో కూడా."