మూడో మెట్టు మీది ఉచ్చు

రాళ్లదుర్గం అనే ఒకానొక రాజ్యాన్ని రణభూపతి ఏలేవాడు. పొగడ్తంటే ఆయనకు ప్రాణం. రోజూ కొలువుకు వస్తూ వాకిట మూడో మెట్టు మీద కుడికాలు మోపి ఆగేవాడు. స్తుతిపాఠకులు ఇరవైనాలుగు బిరుదులూ చదివేదాకా కదిలేవాడు కాడు. పొగడ్త అలవాటైన కాలు ఎక్కడ ఆగుతోందో తాను చూసుకోదు.

ఒక ఫాల్గుణంలో రాజుగారి దోసతోటను నక్క పాడుచేసింది. ఉచ్చులు పన్నే ఓబులేసును పిలిపించారు.

"నక్కను పట్టుకురా!"

"ఇది అదను కాదు ప్రభూ. మార్గశిరం దాకా ఆగండి. ఇప్పుడు బొరియలో పిల్లలుంటాయి. తల్లి పడదు. పడినా పిల్లలు ఆకలికి మాడి చస్తాయి. ఆ పాపం మనకెందుకు?"

"నా ఆజ్ఞకు అదను చూస్తావుట్రా? ఉచ్చు మంచిదైతే ఏ కాలమైనా ఒకటే. మూడు రోజులు గడువు. నాలుగోనాడు నక్క నా ముందు లేకపోతే నీ కుడిచెయ్యి తీయిస్తాను!"

ఓబులేసు ఇంటిల్లిపాదికీ కూడు పెట్టేది ఆ చెయ్యే. అయినా బొరియ వైపు వెళ్లలేదు. మూడు రోజులూ కొలువు వాకిట నిలబడి, నక్క దారి చూసినట్టే రాజు నడక చూశాడు.

నాలుగోనాడు కావలివాళ్ల కళ్లన్నీ రాజు వచ్చే వైపే ఉన్నాయి. ఓబులేసు నల్లరాతి మూడో మెట్టు మీద నల్లటి గుర్రపు వెంట్రుకల ఉచ్చు పరిచి, కొసను స్తంభానికి కట్టి తప్పుకున్నాడు.

రాజు వచ్చాడు. మూడో మెట్టు మీద కాలు మోపి కళ్లు అరమూశాడు. బిరుదులు మొదలయ్యాయి. పది... పదిహేను... ఇరవై.

ఆఖరి బిరుదు కాగానే రాజు కాలెత్తాడు. కాలి బంగారు కడియం దగ్గర ఉచ్చు బిగిసింది. రాజు తూలి మెట్ల మీద చేతులు ఆనించాడు.

కత్తులు లేచాయి. ఒకటి ఓబులేసు మెడమీదికి వచ్చింది.

"ఆగండి!" అన్నాడు రాజు. ముఖం ఎర్రబడింది. "ఏమిట్రా ఈ పని? నక్కేది?"

"ఉచ్చు మంచిదే ప్రభూ, తమరే చూశారు. కానీ పిల్లల తల్లికి అడుగడుగునా భయం. నిన్న నడిచిన దారిన ఇవాళ నడవదు. మార్గశిరానికి పిల్లలు తమ దారి చూసుకుంటాయి. ఇక దానికి బెంగ ఉండదు. రోజూ ఒకే దారి, ఒకే అడుగు. అప్పుడు పడుతుంది." ఓబులేసు మూడో మెట్టు వైపు చూపించాడు. "ఇక్కడ నేను ఎర కూడా పెట్టలేదు ప్రభూ. ఉన్నదే సరిపోయింది."

స్తుతిపాఠకులు తలలు దించుకున్నారు. రాజు వాళ్లవైపు చూశాడు, తన కాలివైపు చూశాడు. ఉన్నట్టుండి ఆ మెట్టు మీదే చతికిలబడి, కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు.

"రేపటినుంచి బిరుదులు చదవొద్దు. నక్క సంగతి మార్గశిరంలో చూద్దాం. ఉచ్చులో పడింది వేటగాడిదే కదుట్రా? తీసుకో!" అంటూ కడియం ఊడదీసి ఇచ్చాడు.

ఓబులేసు దాన్ని కుడిచేత్తో అందుకున్నాడు.