వెయ్యీ తొమ్మిది విస్తళ్లు

ధవళేంద్ర మహారాజుకు కోపం వచ్చింది. కిందటి విందులో ఆఖరి బంతికి ముగ్గురే మిగిలారు. అందులో ఒకరు సాక్షాత్తూ ఆయన వియ్యంకుడు. ఆయన అలిగి, పులుసు వడ్డించకముందే లేచిపోయాడు.

"ఈసారి అన్ని బంతుల్లోనూ విస్తళ్లు సమానంగా పడాలి! పిలిచినవాళ్లు ఒక్కరూ పస్తు పోకూడదు, పిలవనివాళ్లు ఒక్కరూ కూర్చోకూడదు. తేడా వచ్చిందా, వడ్డనల పెద్ద కొలువు ఊడినట్టే!" అన్నాడు రాజు.

వడ్డనల పెద్ద ముమ్మడమ్మ. ముప్పై ఏళ్లుగా ఆ వంటశాలే ఆమె లోకం. ఆ కొలువు తన బావమరిదికి ఇప్పించాలని ఆస్థాన గణకుడు అనంతభట్టు ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు. పిలుపుల జాబితా రాసేది కూడా ఆయనే. లెక్క వచ్చినవాడికి కుళ్లు కూడా ఉంటే ఇంకేం కావాలి! తన పేరు మొదట పెట్టుకుని, సరిగ్గా వెయ్యీ తొమ్మిది మందిని రాశాడు.

ముమ్మడమ్మ చింతగింజలు ముందేసుకుని కూర్చుంది. పదేసి పేర్చింది, తొమ్మిది మిగిలాయి. పదమూడేసి పేర్చింది, ఎనిమిది మిగిలాయి. ఏడేసి పేర్చితే ఒక్కటే మిగిలింది గానీ, ఆ ఒక్కటి చాలదూ కొలువు ఊడటానికి?

విందు రోజు సభలో భట్టు మీసం దువ్వాడు.

"ఎందుకమ్మా ఆయాసం? ఆ సంఖ్యను దేనితో భాగించినా శేషం తప్పదు. ఒకటితోనూ, తనతోనూ తప్ప తెగదు. ఒక్కటే బంతి వేస్తావా? ఆఖరి విస్తరి కోట దాటి జొన్నచేలో పడుతుంది!"

ముమ్మడమ్మ ఒక్క క్షణం ఆయన్ని ఎగాదిగా చూసింది.

"భట్టుగారూ, మీ అంత లెక్క తెలిసినవారు ఈ రాజ్యంలో లేరు గదా?"

"పక్క రాజ్యంలోనూ లేరు!"

"మరి బంతులు సమంగా ఉన్నాయో లేదో చూడాల్సింది ఎవరు?"

"నేను కాక ఇంకెవరు? విందు ముగిసేదాకా విస్తరి విస్తరీ నేనే తిరిగి చూస్తాను. ఆజ్ఞ ఇప్పించండి, మహారాజా!"

"సరే, ఇచ్చాను" అన్నాడు రాజు.

ముమ్మడమ్మ చేతులు జోడించింది.

"అయితే ప్రభూ, బంతికి ఇరవై ఎనిమిది చొప్పున ముప్పై ఆరు బంతులు. వెయ్యీ ఎనిమిది విస్తళ్లు, ఒక్కటీ మిగల్లేదు!"

"మరి ఆ తొమ్మిదోవాడు?" అరిచాడు భట్టు.

"తిరిగేవారు కూర్చుని ఎలా తింటారండీ? వడ్డించేవాళ్లం ఆఖర్న తింటాం, మీరూ మాతోనే. ఎలాగూ ప్రతి విస్తరి దగ్గరికీ వెళ్తారు గనక, ఈ నేతిగిన్నె కూడా పట్టుకోండి!"

సభ గొల్లుమంది. బూరెల కోసం నిన్నటినుంచి కడుపు మాడ్చుకున్న భట్టు మొహం చూసి రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. చేతి బంగారు మురుగు తీసి ముమ్మడమ్మకు ఇచ్చాడు.

విస్తళ్లు పడ్డాయో లేదో, మొదటి బంతిలోంచి రాజుగారి వియ్యంకుడు కేకేశాడు.

"భట్టుగారూ, ఇటు కాస్త నెయ్యి!"