కప్పలు లేని వరిమడి

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, కొండవాగు పక్కన, మూడు చిన్న వరిమళ్ళు. అదిగో, అప్పుడే నవ్వుతున్నారు! జంతువులు వరి పండించడమేమిటని కదూ? ఆకలి అందరికీ ఒకటేనర్రా. బుద్ధిగా వినండి.

వాగుకి ఇవతల ఎగువ మడి చెవులమ్మ అనే కుందేలుది. మొగుణ్ణి నక్క ఎత్తుకుపోతే, ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచుకొస్తోంది. దిగువ మడి తాబేలు తాతది. వాగు నీళ్ళు ముందు చెవులమ్మ మడిని తడిపి, గట్టుకున్న గండిలోంచి తాత మడిలోకి దిగుతాయి. వాగుకి అవతల మడి ముళ్ళయ్యది. వాడు ముళ్ళపంది. నోరు మాత్రం ముళ్ళకన్నా వాడి.

ముందటేడు చెవులమ్మ చేనుకి సుడిదోమ పట్టింది. అది వరిదుబ్బు మొదట్లో కూర్చుని రసం పీల్చే పురుగు. ఇంటికొచ్చిన గింజలు చలికాలం సగానికే అయిపోయాయి. పిల్లలు గడ్డిదుబ్బులు నమిలి బతికారు. ఈ ఏడూ అంతే అయితే చిన్నది బతకదని తల్లికి తెలుసు.

అందుకే తాబేలు తాత దగ్గరికి వెళ్ళి, "నీ చేనుకి ఏ పురుగూ పట్టదేం తాతా?" అని అడిగింది.

"పట్టకేం తల్లీ, పడుతుంది. తినేవాళ్ళు తింటారు," అన్నాడు తాత. "జీలుగ చల్లి, మొక్కలు పెరిగాక దమ్ము బురదలో తొక్కెయ్, అదే ఎరువు. నాట్ల మధ్య జానెడు బాటలు వదులు, మొదళ్ళకి గాలి తగలాలి. అప్పుడప్పుడు చేను ఆరగట్టు. మందు మాత్రం ముట్టుకోకు. కప్పలూ సాలీళ్ళూ నీ చేలోకి వాటంతటవే వస్తాయి."

చెవులమ్మ అలాగే చేసింది. కప్పలు వచ్చాయి. గట్టు పక్కన గుడ్లు పెట్టి కాపురముండిపోయాయి.

ముళ్ళయ్య ఊరుకుంటాడా! నాట్లప్పుడు వచ్చి, "ఏం చెల్లెమ్మా, చేలో ఈ బాటలేమిటి? పెళ్ళి ఊరేగింపు పోవడానికా?" అన్నాడు. చెవులమ్మ నవ్వేసింది.

చేను ఆరగట్టినప్పుడు వచ్చి, "పక్కనే వాగు పెట్టుకుని చేను ఎండగడతావా? ఒంట్లో బాగున్నవాడు లంఖణం చేసినట్టుంది!" అన్నాడు. చెవులమ్మ కలుపు తీసుకుంటూ పోయింది.

చేను పొట్టదశకి, అంటే కంకి ఇంకా కాడ లోపలే ఉండే దశకి వచ్చాక మళ్ళీ వచ్చాడు. గబ్బిలాల పెంట గుమ్మరించి గుమ్మరించి పెంచిన తన చేనుని చూపించాడు. "చూడు, ఎంత నల్లగా, ఏపుగా ఉందో! నీ చేనుకి కామెర్లొచ్చినట్టుంది. పిల్లల తల్లివి, నీకీ ప్రయోగాలెందుకమ్మా?"

ఆ మాట గుండెలో దిగబడిపోయింది. చెవులమ్మ పరుగున వెళ్ళి తన వరిదుబ్బు విడదీసి చూసింది. మొదట్లో సుడిదోమలు! ప్రాణం పోయినంత పనైంది.

గట్టు మీది ముసలికప్ప అది చూసి, "ఉన్నాయమ్మా, నిజమే," అంది. "కాసినైనా లేకపోతే మేమేం తిని నీ చేలో ఉంటాం? వాటికన్నా మేమే ఎక్కువున్నాం. తొందరపడకు."

"నీకేం, ఇది పోతే ఇంకో మడుగు చూసుకుంటావు. నా పిల్లల నోట్లో మట్టి పడుతుంది!" అంది చెవులమ్మ.

ముళ్ళయ్య ముష్టిచెట్టు విషపు గింజలు దంచి కాచిన రసం, పురుగుకి మందని కుండతో తెచ్చి ఇచ్చాడు. చెవులమ్మ కుండ అందుకుంది. గట్టు గండి తెరిచే ఉందని చూసింది కూడా. మూద్దామనుకుంది. "కానీ కానీ, ఎండెక్కితే మందు పనిచెయ్యదు," అని ముళ్ళయ్య తొందరపెట్టాడు. తర్వాత మూద్దాంలే అనుకుని చేనంతా చల్లేసింది.

సుడిదోమలు రాలిపోయాయి. చెవులమ్మ సంబరపడింది. ఆ సంబరంలో గట్టు పక్కకి చూస్తే, కప్పలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. ముసలికప్ప కూడా. సాలీళ్ళు ఒక్కటీ మిగల్లేదు.

కానీ దోమల గుడ్లు వరికాడల లోపల ఉంటాయర్రా. వాటికి మందు తగల్లేదు. అవి పగిలి పిల్లలొచ్చాయి. తినేవాళ్ళు లేరు. చేలో ఒకచోట సుడిగా ఎండింది. పక్కన ఇంకో సుడి. ఆఖరికి మడంతా కాలిపోయినట్టయింది. ముళ్ళయ్య నల్లటి చేను అంతకుముందే సుడిదోమకి పడిపోయింది. వాడు మూటాముల్లే సర్దుకుని కొండ దాటిపోయాడు.

తాబేలు తాత ఏ తప్పూ చెయ్యలేదు. అయినా గండిలోంచి విషం దిగి ఆయన కప్పలూ చచ్చాయి, ఆయన చేనూ పోయింది.

చలికాలంలో చెవులమ్మ చిన్నపిల్ల ఆకలికి చచ్చిపోయింది. ఇది మీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. దాటేస్తే కథ అబద్ధమవుతుంది.

తొలకరి పడ్డాక చెవులమ్మ తాత కాళ్ళ మీద పడింది. "నన్ను తిట్టు తాతా."

"తిడితే గింజలొస్తాయా? లే," అన్నాడు తాత. "మళ్ళీ జీలుగ చల్లుదాం, బాటలూ వదులుదాం. కానీ పురుగుని తినేవాళ్ళు లేకపోతే అవన్నీ దండగ. పద, కప్పల్ని బతిమాలి తెచ్చుకుందాం."

ఇద్దరూ కొండకి అవతలి మడుగుకి వెళ్ళారు. అక్కడి పెద్దకప్ప నీళ్ళలోంచి తల పైకెత్తింది.

"మా చేలకి రండి తల్లీ," అంది చెవులమ్మ. "నీళ్ళున్నాయి, నీడ ఉంది. మీ జోలికి ఎవరూ రారు."

"వస్తాం," అంది పెద్దకప్ప. "మా ముసలక్క తన పిల్లలతో మీవైపే వచ్చింది. ఎలా ఉందో చెప్పు, వస్తాం."

చెవులమ్మ చెవులు వాల్చి నేలచూపులు చూసింది. తాత తల డిప్పలోకి ముడుచుకున్నాడు. పెద్దకప్ప ఆ ఇద్దర్నీ చూసి నీళ్ళలోకి మునిగిపోయింది, మళ్ళీ పైకి రాలేదు.

నీతి: మనల్ని నమ్మినవాళ్ళని భయంతో చంపుకుంటే పంటే కాదు, పొరుగువాడి కూడూ పోతుంది, మళ్ళీ మంచిదారి పట్టినా తోడొచ్చేవాళ్ళు ఉండరు.