బాల్చీలో ఆల్చిప్పలు

కుర్ర సన్యాసి తీహోన్‌కి శుభ్రం పిచ్చి. ఉత్తరాన, ఎండాకాలంలో కూడా వేళ్ళు కొంకర్లు పోయేంత చలి సముద్రం ఒడ్డున ఉండేది ఆ క్రైస్తవ మఠం. అతనొచ్చాక అందులో మచ్చుకైనా బూజు మిగల్లేదు. ఊడ్చింది, కడిగింది, గీకింది అంతా తీసుకెళ్ళి కింద సముద్రంలో పారబోసేవాడు.

"పేడా, కూరల తుక్కూ చేనుకి తోలు నాయనా," అని గురువు పఖోమీ చెప్పి చూశారు. వింటేగా! అంత దూరం మోసే బదులు మెట్లు దిగి గుమ్మరించేస్తే పనైపోతుంది.

ఓ శుక్రవారం పొద్దున్నే పడవ అడుక్కి ఎర్రమందు పూశాడు. గుల్లలు అంటుకోకుండా చంపే మందు అది. డబ్బా, కుంచె ఒడ్డునే కడిగాడు. నీళ్ళు ఎర్రబడి, కాసేపట్లో ఆ రంగు కలిసిపోయింది.

"చూశారా తండ్రీ! సముద్రానికి మైలేమిటి? ఎంత పోసినా మింగేస్తుంది," అన్నాడు గొప్పగా.

"అవునా? ఎలా మింగుతుందో చూద్దాం పద. నువ్వు డబ్బా కడిగిన చోటే ఓ బాల్చీడు నీళ్ళు ముంచు. అక్కడి రాళ్ళకున్న ఆల్చిప్పలు కూడా నాలుగు గుప్పెళ్ళు పట్రా."

రోజూ పారబోసే తుక్కుతో నీళ్ళు కుడితిలా ఉన్నాయి. బాల్చీ అడుగు కనబడలేదు. గురువు ఆల్చిప్పల్ని అందులో వదిలి ప్రార్థనకి వెళ్ళిపోయారు.

సాయంత్రానికి బాల్చీ అడుగున ఉన్న సొట్ట కూడా తేటగా కనబడింది!

తీహోన్ అక్కడే చతికిలబడ్డాడు. ఆల్చిప్పలు సన్నగా నోరు తెరిచి నీళ్ళు పీల్చడం, అందులోది తినేసి తేట నీళ్ళు వదలడం, అంతే వాటి పని. అబ్బ, ఏం పని! ఆ ఆల్చిప్పల పెంట తిని సముద్రపు నాచు పెరుగుతుంది. తుఫాను దాన్ని ఒడ్డుకి విసిరితే సన్యాసులు బార్లీ చేనుకి ఎరువు వేస్తారు. ఆ బార్లీయే మఠంలో రొట్టె. అజమాయిషీ చేసేవాడంటూ ఒక్కడు లేడు. చేతులెత్తి దణ్ణం పెట్టొద్దూ మరి!

ఆ మఠంలో శుక్రవారం చేపలు ముట్టరు, ఆల్చిప్పలైతే తినొచ్చు. రాత్రి భోజనానికి గురువు బాల్చీలోవే ఉడకబెట్టి తన పళ్ళెంలో వడ్డించుకున్నారు. కళ్ళు మూసుకుని ప్రార్థన చెప్పుకుని, ఒకటి ఒలిచి నోటి దగ్గరికి తెచ్చారు.

తీహోన్ మొహం పాలిపోయింది. ఒక్క ఉదుటున లేచి గురువుగారి చెయ్యి పట్టేసుకున్నాడు.

"వద్దు తండ్రీ! తినకండి!"

"ఏం? నీళ్ళు తేటపడ్డాయిగా?"

"నీళ్ళు తేటపడ్డాయి. మందు... ఆ మందంతా వీటి కడుపులోకి పోయింది తండ్రీ."

గురువు కోప్పడలేదు. ఆల్చిప్పను మెల్లిగా పళ్ళెంలో పెట్టేశారు.

"నన్ను వద్దనడానికి నువ్వున్నావు," అన్నారు. "వాటికెవరున్నారు?"