చివరి చాప మీది రాజకుమారుడు

అనగా అనగా సముద్రపు ఒడ్డున కలువకొండ అనే రాజ్యం, ఆ రాజ్యానికి సుమంతసేనుడు అనే రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు మణిధరుడు, రెండోవాడు గుణధరుడు, మూడోవాడు వేణుధరుడు.

ముగ్గురూ శంభుభట్టుగారి బడికి వెళ్ళేవారు. అక్కడ ప్రతి పౌర్ణమికీ పరీక్ష. బాగా అప్పజెప్పినవాడికి గురువుగారి ఎదురుగా మొదటి చాప, తడబడినవాడికి గోడ వారన చివరి చాప. మణిధరుడిది ఎప్పుడూ మొదటి చాప, గుణధరుడిది రెండోది. వేణుధరుడు చివరి చాప మీద ఎన్నేళ్ళు కూర్చున్నాడంటే, అతను కూర్చున్నచోట ఈనెలు అరిగి నేల కనిపించేది.

అలాగని అతను మొద్దు కాదు. అతని తెలివంతా చెవుల్లో ఉండేది. కుండను వేలితో తట్టి ఎక్కడ బీట ఉందో చెప్పేవాడు. ఆవు అరుపు విని అది ఆకలో, నొప్పో, దూడ కోసం బెంగో చెప్పేవాడు. కుమ్మరులూ గొల్లలూ అతన్ని వెతుక్కుంటూ కోటకి వచ్చేవారు. రాజుగారికి అది నామోషీగా ఉండేది. కుండలు తట్టేవాడు రాజ్యం ఏం ఏలుతాడని విసుక్కునేవారు.

ఒక పౌర్ణమినాడు బడికి ఒక కొత్త పండితుడు వచ్చాడు. తను చెప్పిన పద్యాన్ని ఒక్క అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పమన్నాడు. మణిధరుడు చెప్పాడు. చెప్పడం పూర్తికాగానే చిలకైపోయాడు. గుణధరుడు భయపడి నోరు మూసుకోబోయాడు కానీ, కంఠతా వచ్చిన పద్యం ఆగకుండా బయటికి వచ్చేసింది. అతనూ చిలకైపోయాడు. వేణుధరుడు మూడో పాదంలో తప్పుపోయాడు. పండితుడు నవ్వి, ఇది పనికిరాని సరుకని తేల్చి, రెండు చిలకల్నీ పంజరంలో వేసుకుని మాయమైపోయాడు. వాడు పండితుడు కాదు, ఏడు సముద్రాల అవతల ఉండే కాలదంతుడనే మాంత్రికుడు.

ఆ సాయంత్రం రాజుగారు రాణిగారి దగ్గర కుమిలిపోయారు.

"పనికొచ్చే ఇద్దరూ పోయారు. వీడొక్కడు మిగిలాడు."

ఆ మాట మూడు గోడల అవతల ఉన్న వేణుధరుడికి వినిపించింది. తన చెవులు అంత బాగా వినకపోతే బాగుండునని అతను అనుకోవడం అదే మొదటిసారి. కాసేపు ఏడ్చాడు. తర్వాత మొహం కడుక్కుని, విన్నది తల్లికి చెప్పి, ఆమె కాళ్ళకు దండంపెట్టి, అన్నల కోసం బయలుదేరాడు.

ఒడ్డున నడుస్తుంటే ఇసుకలోంచి సన్నటి మూలుగు వినిపించింది. తవ్వి చూస్తే ముసలి తాబేలు, మెడకు తెగిపోయిన వల చుట్టుకుని ఉంది. వేణుధరుడు ఒక్కొక్క ముడే విప్పి తీశాడు.

తాబేలు ఊపిరి పీల్చుకుని, "మూడు రోజులుగా మూలుగుతున్నాను నాయనా. ఎంతోమంది నా మీదుగానే నడిచిపోయారు. విన్నవాడివి నువ్వే," అంది.

అన్నల సంగతి చెప్పగానే అది, ఆ మాంత్రికుడి దీవి తనకు తెలుసని, ఎక్కమని వీపు చూపించింది. ఉప్పు సముద్రం దాటారు, పొగమంచు సముద్రం దాటారు, సుడిగుండాల సముద్రం దాటారు. అలా ఏడూ దాటి మాంత్రికుడి దీవికి చేరారు.

అక్కడ మూడువందల చిలకలు కొమ్మల మీద వరసగా కూర్చుని ఒకే పద్యం వల్లిస్తున్నాయి. వాటికి గింజలు వేస్తున్న అమ్మాయి పేరు ముక్తావళి. ఆమె కూడా రాజకుమార్తే. పద్యం అప్పజెప్పలేకపోయిందని మాంత్రికుడు ఆమెను చిలకగా మార్చకుండా పనికి పెట్టుకున్నాడు. చూసినదాన్ని చేత్తో చేసేయగలదు, అందుకే ఎత్తుకొచ్చాడు. ఆ కొమ్మలకున్న ఉయ్యాలలన్నీ ఆమె అల్లినవే. మాంత్రికుడి ప్రాణం ఈ చిలకల్లో ఒకదానిలో ఉందని, ఏదో మాత్రం తనకు తెలియదని ఆమె రహస్యంగా చెప్పింది.

అంతలో కాలదంతుడు వచ్చాడు. మూడు పనులు చేస్తే అన్నల్ని ఇస్తాననీ, ఒక్కటి తప్పినా చిలకను చేస్తాననీ అన్నాడు.

మొదటి పని, మూత బిగించిన వంద కుండల్లో పాము ఉన్నదేదో చూపించాలి. వేణుధరుడు ఒక్కొక్కటీ తట్టి విని, డెబ్బయ్యోది చూపించాడు. రెండో పని, నూరు ఆవుల్లో ఒక దూడకి తల్లెవరో చెప్పాలి. దూడ అంబా అనగానే ఏ ఆవు గొంతు వణికిందో విని, దాన్ని తీసుకొచ్చి నిలబెట్టాడు.

మాంత్రికుడి మొహం మాడిపోయింది. ఇక మూడో పని, మూడువందల చిలకల్లో అన్నలిద్దర్నీ పట్టుకోవాలి.

వేణుధరుడు కళ్ళు మూసుకున్నాడు. పెద్ద మాటకి ముందు గుక్క తిప్పుకునే గొంతు పెద్దన్నది. పాదం చివర తొందరపడే గొంతు చిన్నన్నది. అన్నలు దొరికారన్న సంతోషంతో చెయ్యి చాపబోయి ఆగాడు. ఒక చిలక పద్యం చెప్పడం లేదు. ఊరికే ఊపిరి తీస్తోంది. మాంత్రికుడు గాలి పీల్చినప్పుడు అదీ పీలుస్తోంది, వదిలినప్పుడు అదీ వదులుతోంది.

"మొదటిది ఇదిగో," అంటూ వేణుధరుడు ఆ చిలకను పట్టేసుకున్నాడు.

కాలదంతుడు కూలబడిపోయాడు. వదిలెయ్యమని బతిమాలాడు. ముందు చిలకలుగా మార్చిన పిల్లలందర్నీ మనుషుల్ని చెయ్యమన్నాడు వేణుధరుడు. చేతిలోని చిలక తప్ప మిగిలినవన్నీ మనుషులై, పిల్లలందరూ కొమ్మల మీంచి దభీ దభీమని కిందపడ్డారు. మాంత్రికుడు ఆ సందడిలో మళ్ళీ మంత్రం ఎత్తుకున్నాడు. వేణుధరుడికి మనసొప్పలేదు. అయినా మొహం పక్కకి తిప్పుకుని చిలక మెడ విరిచేశాడు. వాడి పీడ విరగడైంది.

ఇంతమంది ఇళ్ళకు చేరడమెలా? ముక్తావళి చెట్లు చూపించి తెప్పలు కట్టడం నేర్పింది. బడిలో తెలివైనవాళ్ళు అనిపించుకున్న ఆ పిల్లల్లో ఒకడికి వడ్రంగం ఇష్టమట, ఒకమ్మాయికి వంట బాగా వచ్చట. ఇన్నాళ్ళూ వాళ్ళనెవరూ అడగలేదు. గుణధరుడు చుక్కల లెక్క చూసి దారి చెప్పాడు. బెంగపడిన పిల్లలకి మణిధరుడు కథలు చెప్పాడు. తాబేలు ముందు ఈదింది.

ఒడ్డున రాజుగారు ఎదురుచూస్తున్నారు. ముందు అన్నల దగ్గరికి వెళతారని వేణుధరుడు తెప్ప మీదే ఉండిపోయాడు. రాజుగారు మోకాలిలోతు నీళ్ళల్లోకి దిగి నేరుగా అతని దగ్గరికే వచ్చారు.

"నాకు చెవులున్నాయి గానీ వినడం రాలేదు నాయనా. ఆ రోజు నేనన్న మాట నీ చెవిన పడిందని మీ అమ్మ చెప్పింది," అన్నారు.

వేణుధరుడికి గుండెల మీంచి బండ దించినట్టయింది. తండ్రి భుజం మీద తల ఆనించి, "ఆకలేస్తోంది నాన్నగారూ," అన్నాడు. రాజుగారికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

వేణుధరుడికి ముక్తావళితో పెళ్ళి చేసి, అన్నలిద్దరూ ఒప్పుకోగా రాజ్యం అతనికే అప్పగించారు. మణిధరుడు మంత్రి, గుణధరుడు ఓడల అధికారి అయ్యారు. శంభుభట్టుగారు తనే అనుమతి అడిగి బడిలో కొత్త పద్ధతి పెట్టారు. బడిలో చేరిన పిల్లకైనా పిల్లాడికైనా ఆర్నెల్లపాటు పాఠం లేదు. ఎవరి కళ్ళు దేనికి వెలుగుతున్నాయో గురువుగారే కూర్చుని నేర్చుకునేవారు. వేణుధరుడూ ముక్తావళీ మనవల్ని ఎత్తుకునేదాకా చల్లగా ఏలారు. వాళ్ళ కాలంలో కలువకొండలో బడికి వెళ్ళనని ఏడ్చిన పిల్లలు ఒక్కరూ లేరట.