చెంప మీది వేలిముద్ర

కొత్తగూడెంలో సంపత్ అనే యువకుడు ఉండేవాడు. చేతిలో పనితనం ఉంది గాని, కంటికి కనిపించని చోట పని చేయాలంటే అతనికి ఎక్కడలేని బద్ధకం. బీరువాకు రంగు వేస్తే గోడవైపు వదిలేసేవాడు. గది ఊడిస్తే మంచం కిందికి చీపురు పోనిచ్చేవాడు కాదు. అడిగితే "ఆడ ఎవరు చూస్తరు?" అనేవాడు. పైన పటారం లోన లొటారం అని అక్క స్వరూప ఎంత దెప్పినా నవ్వేసేవాడు. మంచిమాట కొందరి చెవికి తగిలినట్టే తగిలి జారిపోతుంది.

స్వరూప ప్లాస్టిక్ బొమ్మలు తయారుచేసేది. అవి డబ్బాలో విడి ముక్కలుగా వస్తాయి. వాటిని కత్తిరించి, అంచులు సాపు చేసి, జిగురుతో అతికించి, సన్నటి కుంచెతో రంగులు దిద్దేది. ఆమె పనిచేసే ఫొటో స్టూడియో ఆ ఏడే మూతపడింది. అదే సమయంలో ఊళ్లో బొగ్గుగని కార్మికుల జీవితం చూపే కొత్త ప్రదర్శనశాల కడుతున్నారనీ, అందులో పెట్టే బొమ్మలన్నీ ఒక్కరి చేతే చేయిస్తారనీ తెలిసింది. ముందు ఒక నమూనా చూపించాలి. అది నచ్చితే ఇష్టమైన పనే బతుకుతెరువవుతుంది. నచ్చకపోతే కుంచెలు అటకెక్కించి ఏ బట్టల కొట్లోనో నిలబడాల్సిందే.

స్వరూప అడుగెత్తు గని కార్మికుడి బొమ్మను తెప్పించింది. దాని తల రెండు చిప్పలుగా వచ్చింది, లోపలంతా డొల్ల. ఆ డొల్లలో బియ్యపుగింజంత బల్బు పెట్టాలి. వెలుగు టోపీ మీది దీపంలోంచి మాత్రమే రావాలి. అందుకని చిప్పల లోపల నల్లరంగు దట్టంగా పూయాలి. ఒక పూత ఆరాక ఇంకొకటి వేసి, వెలుతురుకు ఎత్తి చూసి, సందు కనబడితే మరొకటి వేయాలి. ఆ పనిని ఆమె తమ్ముడికి అప్పగించింది.

సంపత్ ఒక్క పూత పూశాడు. అది ఆరకముందే బయటినుంచి స్నేహితులు కేకేశారు. గబగబా బల్బు పెట్టి, రెండు చిప్పలూ అదిమి అతికించేశాడు. మూసేశాక మూడు పూతలైనా ఒక పూతైనా ఒకటే అనుకున్నాడు.

"లోపల మంచిగ ఏశినవారా?" అని సాయంత్రం స్వరూప అడిగింది.

"మూడుసార్లు ఏశిన అక్కా," అన్నాడు.

ఆమె నమ్మింది. అతుకు కనబడకుండా సాపు చేసింది. ఊపిరి బిగబట్టి కళ్లు దిద్దింది. నుదుటి ముడతల్లో బొగ్గుపొడి, చెంప మీద చెమట జారిన చార, ఒక్కొక్కటే ఓపికగా పెట్టింది. చివరికి ఆ మొహం డ్యూటీ దిగి ఇంటికి పోయే మనిషిదే అయింది. ట్యూబులైటు కింద మీట నొక్కి చూస్తే టోపీ దీపం చక్కగా వెలిగింది.

నమూనాలు చూపించే రోజు వచ్చింది. ప్రదర్శనశాల అధికారి సుభాషిణి అందరినీ వరుసగా కూర్చోబెట్టింది. ఇక్కడి గదులు గనిలాగే చీకటిగా ఉంటాయని, అందుకని బొమ్మలను లైట్లు ఆర్పే చూస్తామని చెప్పింది. ఆ మాట వినగానే సంపత్‌కు తాను వేసిన ఒక్క పూత గుర్తొచ్చింది.

వాళ్లకంటే ముందు ఇద్దరున్నారు. తలుపులు మూసి మొదటి బొమ్మ చూశారు, మళ్లీ లైట్లు వేశారు. ఇప్పుడు నిజం చెబితే అక్క గడువు అడగొచ్చు. ఇస్తారో ఇవ్వరో గాని, అడిగే దారైనా ఉంది.

"అక్కా," అన్నాడు.

"ఏందిరా?"

చున్నీ అంచుతో బొమ్మ బూట్లు తుడుస్తూ ఆమె తలెత్తింది. ఆ కళ్లలో ఆశ చూసి సంపత్ మాట మింగేశాడు. ఏంలేదన్నాడు. ఇంట్లో బాగానే వెలిగింది కదా, ఒక్క పూతే చాలిందేమో అని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. తప్పు చేసినవాడికి ధైర్యం చెప్పడానికి వాడి మనసే అందరికంటే ముందు ఉరుకుతుంది. ఇంతలో రెండో బొమ్మ కూడా అయిపోయింది.

లైట్లు ఆరాయి. స్వరూప మీట నొక్కింది. టోపీ దీపం వెలిగింది, దాంతోపాటే మొహమంతా లాంతరు చిమ్నీలా ఎర్రగా వెలిగిపోయింది. ఆమె దిద్దిన ముడతలూ చెమట చారా ఆ వెలుగులో కొట్టుకుపోయాయి. ఎడమ చెంపలో మాత్రం ఒక బొటనవేలి ముద్ర, గీతలతో సహా కనిపించింది. బల్బు పెట్టేటప్పుడు లోపలి తడి రంగు మీద సంపత్ వేలు ఆనిన చోటది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఈ ముద్ర ఎవరిదమ్మా?" అని సుభాషిణి అడిగింది.

స్వరూప వంగి ఆ ముద్రను చూసింది.

"మా ఇంటిదే మేడం," అంది ఆమె.

సంపత్ సిగ్గుతో కుంగిపోయాడు. లేచి, ఆ వేలు తనదేనని, అక్కకు అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు. సుభాషిణి కోప్పడలేదు. రంగులు దిద్దిన చెయ్యి గొప్పదే గాని, తాము చూపించాల్సింది చీకట్లో నిలిచే బొమ్మలనని చెప్పింది. పని రెండో బొమ్మ తెచ్చినవాళ్లకు దక్కింది.

బొమ్మను చున్నీలో చుట్టుకుని స్వరూప ఇంటిదారి పట్టింది. గుమ్మం దగ్గర ఆగింది.

"రంగు ఏయకపోతే మళ్ల ఏస్కుంటుంటిమిరా. మూడుసార్లు ఏశిన అన్నవు సూడు, ఆ మాట నమ్మి నేను మొహం దిద్దిన."

ఆ తర్వాత ఆమె చీరల కొట్లో చేరింది. సంపత్ కొత్త తల తెప్పించి, దాని లోపల మూడు పూతలూ ఆరబెట్టి ఆరబెట్టి వేశాడు. అయిపోయిందని అక్కకు చెప్పాడు. ఆమె లేచి, రెండు చిప్పలనూ కిటికీ వెలుతురుకు ఎత్తి తన కళ్లతో తాను చూసుకుంది. పని పోయిన రోజుకంటే ఆ రోజే సంపత్‌కు ఎక్కువ ఏడుపొచ్చింది.

నీతి: కనబడదు కదా అని లోపల చేసిన మోసం ఏదో ఒకనాడు బయటపడక మానదు, పోయిన నమ్మకం మాత్రం ఎన్ని పూతలు పూసినా అంత తొందరగా తిరిగి రాదు.