గజదొంగ ప్రణయానికి మూడో పళ్ళెం

రండి తల్లీ, రండి బాబూ, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ స్తంభం చాటునుంటే ఏం వినిపిస్తుంది, ముందుకు రండి. ఒక్కసారి ఆ నరసింహస్వామిని తలుచుకుని, ఊఁ కొడుతూ వినండి.

హేమాద్రిపురాన్ని ఏలే కీర్తిభూపాలుడికి కథలంటే ప్రాణం. కానీ పాపం, వింటూ వింటూ నిద్రపోతాడు. ఆయన కొలువులో పేరిభట్టు అని ఓ కవి. తన పద్యానికి తనే తల ఊపుకునే రకం.

ఈయన ఏడాదికో భాగం చొప్పున మూడేళ్ళపాటు ‘గజదొంగ ప్రణయం’ రాశాడు. కోటవాలు కూతురు తరళ, అడవిలో మూడొందల మంది దొంగల్ని ఏలే రుద్రుడు, వాళ్ళిద్దరి వలపు. తండ్రి వెతుకుతున్న దొంగనే కూతురు వలచింది! ఇంకేం కావాలి? అంతఃపురమంతా చెవి కోసుకుంది.

చదివి వినిపించేది నాంచారి. తాటాకు చేత పట్టిందంటే తరళ గొంతు తరళదే, రుద్రుడి గొంతు రుద్రుడిదే. తాతా తండ్రీ కూర్చున్న చదువరి పీట మీద ఇరవై ఏళ్ళుగా కూర్చుంటోంది. ఆ పీటే ఆమెకు ఇల్లూ, గుడీ.

మూడో భాగం చివరి ఆకు చదివే రోజు వచ్చింది. కొండ చుట్టూ సైన్యం. కొండ మీద తరళ, చేతిలో కత్తి. ఒక పక్క కన్నతండ్రి, ఇంకో పక్క రుద్రుడు. కత్తి ఎత్తింది! వంటశాల గవరమ్మ చేతిలో వంకాయ అలాగే ఉండిపోయింది. నాంచారి ఆకు తిప్పింది.

“అంతలో తరళకు మెలకువ వచ్చింది. అంతా కల.”

అంతే. మంగళం మహత్.

 మరుక్షణం వంకాయ ఎగిరొచ్చి పేరిభట్టు తలపాగాకు తగిలింది.

“కలా?” అంది గవరమ్మ. “రెండో భాగంలో తరళ అన్న చచ్చిపోతే మూడు పూటలు అన్నం మానేశానయ్యా! ఆ పస్తులు కూడా కలేనా?”

“పాతిపెట్టిన ఉంగరం సంగతేంటి?” అన్నాడు మావటి. “రెండు భాగాలు దాని చుట్టూ తిప్పావు. మూడోదాంట్లో తవ్వడమే మర్చిపోయావా?”

“ముగింపు ఎలా ఉన్నా, రుద్రుడి మీసం మాత్రం...” అని చిన్నరాణి ఏదో అనబోయింది.

“నువ్వు ఊరుకో అమ్మాయ్,” అంది రాజమాత. “ఇంతకన్నా దొంగలే నయం. దోచుకుంటామని చెప్పి దోచుకుంటారు.”

పేరిభట్టు మొహం కందగడ్డైంది. నేరుగా రాజు దగ్గరికి వెళ్ళాడు.

“ప్రభూ, నా ముగింపులో లోటు లేదు. ‘అంతా కల’ అన్నచోట గొంతు తగ్గించాలి. ఈ నాంచారి పెంచి చదివి తగలేసింది. ఆవిణ్ణి పీట దింపండి!”

రాజుగారు ఇబ్బందిగా కదిలాడు. “నేనప్పుడు కళ్ళు మూసుకుని వింటున్నాను. ఏమంటావు నాంచారీ?”

 పీట పోతే నాంచారికి మిగిలేదేముంది? మనసులో స్వామికి దణ్ణం పెట్టుకుంది. ఈ కవిగారు జన్మలో ఒక్కసారైనా వినేవాళ్ళ చాప మీద కూర్చున్నాడా? ఆ ఆలోచన రాగానే ధైర్యం వచ్చింది.

“ముగింపు బాగోలేదని కవిగారి నోటే చెప్పిస్తే ప్రభూ?”

రాజుకు హుషారొచ్చింది. “రేపే సన్మానం. మూడు భాగాలకు మూడు పళ్ళేలు, అందించేది ఆనవాయితీగా చదువరివి నువ్వే. ఆ సభ ముగిసేలోపు చెప్పించు. లేదా పీట దిగి ఊరు వదిలి వెళ్ళు.”

నాంచారి దగ్గరికెళ్ళి రాజు చెవిలో రెండు మాటలు చెప్పింది. ఆయనకు నిద్రమత్తు పూర్తిగా వదిలింది.

మర్నాడు సభ కిటకిటలాడింది. నాంచారి కవిని పెద్ద ఆసనం ఎక్కనివ్వలేదు. వినేవాళ్ళ చాప పరిచింది.

“ఇవాళ మీరు ఇక్కడ కూర్చోండయ్యా.”

మొదటి పళ్ళెంలో జరీ శాలువా. కవి కప్పుకున్నాడు. రెండోదాంట్లో వెండి గంటం. కవి మీసం దువ్వాడు. ఇక మూడోది వచ్చింది చూడండి, నలుగురు మోస్తే గానీ కదలని పళ్ళెం, పైన ఎర్ర పట్టుగుడ్డ, ముందు సన్నాయి, వెనక డోలు!

“ఇందులో ఉన్నది కవులు కలలు కనే గండపెండేరం,” అంది నాంచారి. ఆగి మంచినీళ్ళు తాగింది. “నవరత్నాలు పొదిగింది.” మళ్ళీ ఆగింది. “కవిగారు ఎడమ కాలు చాపాలి.”

పేరిభట్టు పంచె పైకి లాగి కాలు చాపాడు. “త్వరగా కానీవే!”

నాంచారి గుడ్డ తీసింది. లోపల ఒక్క తాటాకు.

“మీరే చదవండి.”

కవి గొంతెత్తి చదివాడు. “అంతలో కవిగారికి మెలకువ వచ్చింది. అంతా కల.”

చదివి, చాపిన కాలు చాపినట్టే ఉంచి అరిచాడు. “ఏమిటీ అన్యాయం! ఇంతసేపు ఊరించి, కాలు చాపించి, ఆఖరికి కల అంటారా? ఇదీ ఒక ముగింపేనా? ఇలా ముగించేవాడికి సిగ్గుండక్కర్లా?”

 నాంచారి చేతులు జోడించింది.

“అయ్యా, ఈసారి చదివింది మీరే. మరి తప్పు చదువరిదా, రాసినవాడిదా?”

గవరమ్మ పకపకా నవ్వింది. రాజమాత పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. రాజుగారైతే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, మెళ్ళో ముత్యాలహారం తీసి నాంచారి చేతిలో పెట్టాడు.

“ఇకమీదట ఏ కథకైనా చివరి ఆకు నువ్వు చదివి సరేనంటేనే సభకెక్కుతుంది.” ఒళ్ళో దాచిన గండపెండేరం తీసి కవికి చూపించాడు. “తరళ ఎత్తిన కత్తి ఎవరి మీద దిగిందో రాసుకురా. అప్పటిదాకా ఇది నా దగ్గరే ఉంటుంది. ఇక ఆ కాలు ముడుచుకో.”

చూశారా తల్లీ! నాంచారి వంకాయ విసరలేదు, తిట్టలేదు. రాసినవాణ్ణి తీసుకొచ్చి వినేవాళ్ళ చాప మీద కూర్చోబెట్టింది. ఆ ఒక్క పనీ గుర్తుంచుకోండి. ఎవరైనా మిమ్మల్ని ఊరించి ఉసూరుమనిపిస్తే, స్వామికి దణ్ణం పెట్టుకుని మీరూ వాళ్ళకో చాప పరవండి.